ముళ్ల దారిలో 102 మైళ్లు

వెళ్లొచ్చి పది రోజులైంది. కుడి చెవి మీద చర్మం ఇంకా పొట్టు రాలుతూనే ఉంది. ఎడమ చెవికి ఏమీ కాలేదు. తూర్పుకి సైకిల్ తొక్కుతుంటే ఎండ ఎక్కువసేపు కుడిపక్కే కాస్తుందని ముందే ఎవరైనా చెప్పి ఉంటే అటు ఇంకో రెండు పూతలు క్రీమ్ రాసుకునేదాన్ని. ఇలాంటివి ఎవరూ చెప్పరు. అందుకే మా పదకొండు రోజుల ట్రిప్పులో నాలుగో రోజు గురించి మాత్రం వివరంగా రాస్తున్నాను. మిగతా పది రోజులూ తొక్కాం, తిన్నాం, పడుకున్నాం.

మేం 14 మందిమి. కొలరాడోలోని ప్వెబ్లోలో బయల్దేరి, కాన్సస్ రాష్ట్రాన్ని పడమటి అంచు నుంచి తూర్పు అంచు దాకా దాటడం పని. ఆరొందల మైళ్లకి అటూ ఇటూ. 1976లో, అమెరికాకి స్వాతంత్ర్యం వచ్చి రెండొందల ఏళ్లు నిండిన సందర్భంగా, ఈ దేశానికి అడ్డంగా సైకిళ్ల కోసం ఒక దారి గుర్తించారు. ట్రాన్స్‌అమెరికా ట్రెయిల్ అంటారు. మేం తొక్కింది అందులో ఒక ముక్క. ఫీజు 1,150 డాలర్లు. దానికి సామాను మోసే వ్యాన్, రాత్రి భోజనం, గుడారం వేసుకోవడానికి చోటు ఇస్తారు. పగటి తిండి, ట్యూబులు, మన పొరపాట్లు మన ఖాతాలోవే.

నాకు 46 ఏళ్లు. పుట్టింది అనంతపురం జిల్లాలో, ఉండేది కాన్సస్ తూర్పు అంచున ఓవర్‌ల్యాండ్ పార్క్ అనే ఊళ్లో. ఐదు నెలలు ప్రాక్టీస్ చేశాను, కానీ అదంతా చెట్ల మధ్య ట్రెయిల్ మీద. ఇల్లు కాన్సస్‌లోనే కదా, పడమటి కాన్సస్ మాత్రం ఎంత వేరుగా ఉంటుందిలే అనుకున్నాను. అది మొదటి తప్పు.

జూన్ 17 రాత్రి ట్రిబ్యూన్ ఊరి పార్కులో దిగాం. హొరేస్ గ్రీలీ అనే పత్రికా సంపాదకుడి పేరు జిల్లాకి పెట్టి, ఆయన పత్రిక పేరు ఊరికి పెట్టుకున్నారు. పక్క ఊరి పేరు హొరేస్. జిల్లా మొత్తం కలిపి పదమూడొందల మంది కూడా లేరు. మా అపార్ట్‌మెంట్ల గేటెడ్ కమ్యూనిటీలో అంతకంటే ఎక్కువ మందే ఉంటారేమో. రాత్రి ఏడున్నరకి మీటింగ్. లీడర్ మర్నాటి రూట్ షీటు పంచింది. ట్రిబ్యూన్ నుంచి నెస్ సిటీ దాకా 102 మైళ్లు, అంటే 164 కిలోమీటర్లు. ట్రిప్పు మొత్తంలో అదే పెద్ద రోజు. మధ్యలో ఊళ్లు మూడే: లియోటీ, స్కాట్ సిటీ, డైటన్. ఊరికీ ఊరికీ మధ్య ఇరవై రెండు నుంచి ముప్పై మైళ్ల బయలు. ఎండ 101 ఫారెన్‌హీట్, అంటే 38 సెల్సియస్, దక్షిణం నుంచి గంటకి పాతిక మైళ్ల గాలి, పదకొండు తర్వాత ఇంకా పెరుగుతుంది. "ఐదింటికల్లా పెడల్ మీద కాలుండాలి" అంది. చివర్లో ఇంకో మాట చెప్పింది: రేపు టైమ్ జోన్ మారుతుంది, ఒక గంట పోతుంది, గడియారాలు సరిచేసుకోండి. కాన్సస్‌లో పడమటి అంచున నాలుగే నాలుగు జిల్లాలు మౌంటెన్ టైమ్‌లో, అంటే మిగతా రాష్ట్రం కంటే ఒక గంట వెనక, ఉంటాయి, ట్రిబ్యూన్ అందులో ఉంది. నేను తలూపాను. తలూపిన సంగతి నాకు బాగా గుర్తుంది.

నా చేతికి నాన్న ఇచ్చిన హెచ్‌ఎంటీ గడియారం. రోజూ కీ ఇవ్వాలి. ఫోన్‌లో ఛార్జింగ్ మిగుల్చుకోవాలంటే టైమ్ కోసం మాటిమాటికీ దాన్ని తీయకూడదని ఇది పెట్టుకున్నాను. సెంటిమెంట్ లేదని అనను.

18 పొద్దున నాలుగింటికి లేచాను. గుడారం మడుస్తుంటే నాన్న ఫోన్. అక్కడ మధ్యాహ్నం మూడున్నర దాటింది.

"పాపా, మీ ఊళ్లో ఇప్పుడు టైమెంత?"

"నాలుగుంబావు నాన్నా. పొద్దున."

"ఇంత పొద్దున్నే ఏంటికి లేసినావు?"

"ఎండకి ముందే పోవాలని."

"ఎండెక్కువైతే నీడకు నిలబడు. నీళ్లు తాగు."

నీడ అంటే చెట్టు ఉండాలి కదా నాన్నా అని అనలేదు. ఆయన ముప్పై ఏళ్లు రోజూ పదకొండు కిలోమీటర్లు సైకిల్ మీద బడికి పోయి పాఠాలు చెప్పిన మనిషి. అనంతపురం ఎండల్లో. ఆయనకి నేను నీడ గురించి చెప్పేదేముంది?

ఐదూ ఐదుకి బయల్దేరాం. గాలి లేదు. వెనక లైట్లు ఎర్రగా మిణుకుమంటూ వరసగా పోతున్నాయి. ఇరవై నిమిషాలకి ఎదురుగా, రోడ్డుకి కాస్త ఎడమగా, సూర్యుడు పైకొచ్చాడు. రెండు పక్కలా కోతకొచ్చిన గోధుమ. ఫెన్సింగు రాళ్లమీద మెడోలార్క్ పిట్టలు, పసుపు ఛాతీ మీద నల్లగా మెడలో గొలుసు వేసినట్టు గీత, మనం పక్కకొచ్చేదాకా కూస్తూనే ఉంటాయి. ఎవరూ మాట్లాడుకోలేదు. గొలుసు చప్పుడు, టైర్ల చప్పుడు అంతే. ఒక్కసారి పశువుల లారీ ఎదురొచ్చి ఆ గాలి మొహం మీద తడిగుడ్డతో కొట్టినట్టు తగిలింది, వెనకే ఆ వాసన. ఈ చుట్టుపక్కల వేల పశువుల్ని ఒకే చోట మేపే ఫీడ్‌లాట్లున్నాయి. లారీ కనపడగానే నోరు మూసుకోవాలని రెండో లారీకి నేర్చుకున్నాను.

పది పన్నెండు మైళ్లకి జిల్లా సరిహద్దు. టైమ్ మారే చోటు అదే. ముందున్న ఇద్దరు ఆగి ఫొటో తీసుకున్నారు. నేను మంచి ఊపులో ఉన్నాను, ఆగలేదు. గడియారం సంగతి అప్పుడు కూడా గుర్తొచ్చింది, లియోటీలో చూద్దాంలే అనుకున్నాను.

ఈ దారిలో ఊరు కనపడటం అంటే ఊరు కాదు, ధాన్యం నిల్వచేసే ఎలివేటర్ కనపడటం. తెల్లటి కాంక్రీటు గొట్టాలు పక్కపక్కనే నిలబెట్టినట్టు, పది మైళ్ల దూరం నుంచే కనిపిస్తుంది. మొదటి రోజు అది చూసి హమ్మయ్య వచ్చేశాం అనుకున్నాను. గంట తొక్కినా అది అంతే ఉంది. దాన్ని చూస్తూ తొక్కకూడదు. ముందు మనిషి వెనక చక్రం చూడాలి, లేకపోతే మైలురాయి చూడాలి. ఎలివేటర్‌ని చూస్తే మనసు అలిసిపోతుంది.

లియోటీ 22 మైళ్లు. నా గడియారంలో ఏడుకి పది నిమిషాలు, ఊళ్లో ఎనిమిదికి పది నిమిషాలు. గుడ్డు, బంగాళాదుంప చుట్టిన బరీటో, కాఫీ, 11 డాలర్లు. తింటూ కబుర్లలో పడ్డాను. గడియారం ముళ్లు ముట్టుకోలేదు.

ఆడవాళ్ల కోసం ఇక్కడో మాట. మగవాళ్లు ఈ పేరా దాటేయొచ్చు, దాటేయకపోయినా నష్టం లేదు. పాతిక మైళ్లలో ఒక చెట్టు ఉండదు, పొద ఉండదు. రోడ్డు బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి మైలు దూరం నుంచి వచ్చే కారుకి కూడా మనం కనిపిస్తాం. మొదటి రెండు రోజులు ఆ భయంతో నీళ్లు తక్కువ తాగి తలనొప్పి తెచ్చుకున్నాను. మూడో రోజు గుంపులో ఇంకో ఆవిడ నేర్పింది: ఇద్దరు కలిసి ఆగాలి, రోడ్డు కింద కల్వర్టు దగ్గరికి దిగాలి, ఒకరు వాన కోటు పరదాలా పట్టుకోవాలి. దిగేముందు గడ్డిలో గట్టిగా అడుగులు వేయాలి, పాములుంటాయి. నా ట్రిప్పులో అన్నిటికంటే పనికొచ్చిన పాఠం ఇదే. సిగ్గుపడి నీళ్లు మానేస్తే మధ్యాహ్నానికి వడదెబ్బే.

ఎనిమిదిన్నరకి లియోటీ దాటాం. ఇకనుంచి టైమ్ అంతా కొత్త టైమే చెబుతున్నాను, నాకు ఆరోజు అలా తెలియకపోయినా. తొమ్మిదికి గాలి మొదలైంది. మొదట కుడి చెంప మీద చల్లగా ఉంది, బాగుంది. పది నిమిషాల్లో హ్యాండిల్ గట్టిగా పట్టుకోవాల్సి వచ్చింది. కాన్సస్ అన్న పేరు కా అనే ఆదివాసీ తెగ వాళ్లది, దక్షిణగాలి మనుషులని దానికి అర్థం చెబుతారు. ఆ అర్థం నాకు ముప్పయ్యో మైలులో ఎక్కింది. అప్పుడే వెనక చక్రం మెత్తగా అయింది.

రోడ్డు అంచున దిగి, సైకిల్ తలకిందులు చేసి చూస్తే టైరులో ముల్లు. చూడగానే నవ్వొచ్చింది. పల్లేరు కాయ! ఇక్కడ గోట్‌హెడ్ అంటారు, మేకతల. రెండు కొమ్ములు అటూ ఇటూ పెట్టుకుని నిజంగానే మేకతలలాగే ఉంటుంది. మా ఊళ్లో చెప్పుల్లేకుండా తిరిగిన ప్రతి పిల్లకీ తెలిసిన కాయ. అదే మొక్క, అదే పసుప్పచ్చ పువ్వు, నేల మీద చాపలా పాకుతుంది. పద్నాలుగు వేల కిలోమీటర్ల దూరం వచ్చి దాని మీదే కాలు పెట్టాను.

మా గుంపులో చివర ఒక మనిషి ఉంటాడు, స్వీప్ అంటారు. అందరి వెనకా ఆయనే రావాలి, ఆయన వెనక ఎవరూ ఉండకూడదు. మాకు స్వీప్ డెబ్భై దాటిన పెద్దాయన, అయోవా రైతు. ఆయన ఆగాడు కానీ చెయ్యి వేయలేదు, నిలబడి చూశాడు. అది వాళ్ల పద్ధతి, అడిగితేనే సాయం. నేను టెన్షన్‌లో గబగబా ముల్లు పీకేసి, ట్యూబు మార్చి, గాలి కొట్టి, పన్నెండు నిమిషాల్లో లేచాను. గర్వంగా కూడా ఉంది. ఆరు మైళ్లు పోయేసరికి మళ్లీ అదే చక్రం, మళ్లీ మెత్తన.

ఈసారి పెద్దాయన అన్నాడు: "టైరు లోపల వేలు పెట్టి చూశావా?"

చూడలేదు. బయటికి కనిపించిన ముల్లు పీకాను, దాని కొన విరిగి రబ్బరులోనే ఉండిపోయింది. కంటికి కనపడదు. బొటనవేలు కొసని టైరు లోపల మెల్లగా, చుట్టూ, ఒక్క అంగుళం కూడా వదలకుండా జరుపుకుంటూ పోవాలి. గుచ్చుకున్నచోట ఆగాలి. వెంట్రుక మందం ఉంది, గోరుతో కూడా పట్టుకోలేకపోయాను. చివరికి పెద్దాయన జేబులోంచి కనుబొమల పట్టకారు తీశాడు. లాగితే వచ్చిన ముక్క గోధుమగింజలో పావు వంతు కూడా లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. నాన్న సైకిల్‌కి పల్లేరు గుచ్చుకుంటే పీకేవాడు కాదు. "ముల్లు దాంట్లోనే ఉండనీ, గాలి నిలుస్తాది" అంటూ పంక్చర్ షాపు దాకా అలాగే తొక్కేవాడు. షాపతను ట్యూబు నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు చూసి, టైరు లోపల అరచేయి తిప్పేవాడు. చిన్నప్పుడు వందసార్లు చూశాను ఆ చెయ్యి తిప్పడం. ఎందుకు తిప్పుతాడో ఒక్కసారీ అడగలేదు.

స్కాట్ సిటీ చేరేసరికి పదకొండూ ఇరవై. 47 మైళ్లు అయ్యాయి, ఇంకా 55. వ్యాన్ దగ్గర రెండు ట్యూబులు కొన్నాను, ఒక్కోటి 9 డాలర్లు. ఆ ఊళ్లో సైకిల్ షాపు నా కంటికి కనపడలేదు, ఉన్నా వెతికే ఓపిక లేదు. బయల్దేరేముందే నాలుగు ట్యూబులు, ముళ్లు దిగకుండా టైరు లోపల పరిచే పట్టీలు తెచ్చుకోండి. పట్టీలు జత ఇరవై డాలర్ల లోపే. నేను బరువని వదిలేశాను. ఆ రోజు గుంపు మొత్తానికి తొమ్మిది పంక్చర్లు.

కాళ్లు పట్టేయడం అక్కడే మొదలైంది. మా వాళ్లంతా పికిల్ జ్యూస్ తాగుతున్నారు. వాళ్ల పికిల్ అంటే ఉప్పునీళ్లలో వేసిన దోసకాయ. ఆ పులుపు నీళ్లు తాగితే పిక్కలు వదులుతాయని గట్టి నమ్మకం. నేను నా సంచిలోంచి నిమ్మకాయ ఊరగాయ తీసి ఒక బద్ద నోట్లో పెట్టుకున్నాను. అడిగినవాళ్లకి తలా ఒక ముక్క ఇచ్చాను. ఒకాయన కళ్లలో నీళ్లొచ్చాయి కానీ ఉమ్మలేదు, మళ్లీ అడిగాడు. పిక్కలు వదిలాయా అంటే, నాకైతే వదిలాయి. దానివల్లేనా అంటే చెప్పలేను.

పన్నెండింటికి మళ్లీ రోడ్డెక్కాం. ఇక్కడినుంచి డైటన్ దాకా ఉన్న 24 మైళ్లే ఆ రోజుకి నేను దాచుకున్నది.

గాలి పూర్తిగా కుడిపక్క నుంచి కొడుతోంది. ఎదురుగాలి అయితే ముందువాడి వెనక దాక్కోవచ్చు. పక్కగాలికి వెనక దాక్కుంటే లాభం లేదు. ముందువాడికి కాస్త ఎడమగా, వాడి తుంటి దగ్గరికి మన ముందు చక్రం వచ్చేలా తొక్కాలి. మన వెనకవాడు మనకి ఎడమగా. అలా రోడ్డు మీద ఏటవాలుగా మెట్లు కట్టినట్టు ఉంటుంది. దీన్ని ఎషెలాన్ అంటారు. టీవీలో పెద్ద రేసుల్లో చూసి అదేదో వాళ్ల విద్య అనుకున్నాను. నలుగురం కట్టాం: నేను, కల్వర్టు పాఠం చెప్పిన ఆవిడ, ఇద్దరు అన్నదమ్ములు. నలుగురికి మించి కుదరదు, ఐదోవాడు రోడ్డు మధ్యకి వెళ్లిపోతాడు. ముందున్నవాడు మూడు నిమిషాలు గాలి తిని, మెల్లగా చివరికి జారతాడు. చివర ఉన్నవాడికి చిన్న అద్దం ఉండాలి, వెనక బండి కనపడగానే "కార్ బ్యాక్!" అని అరవాలి. అరవగానే నలుగురం కుడివైపు ఒంటివరస. బండి పోయాక మళ్లీ మెట్లు.

మొదటిసారి ఆ చోటు దొరికినప్పుడు ఎలా ఉందంటే, హోరుమంటున్న మిక్సీని ఎవరో ఆపేసినట్టు. చెవిలో గాలి మోత ఆగింది. పెడల్ తేలికైంది. పక్కనున్న మనిషి ఊపిరి వినపడింది. ఆ మనిషికి నాకూ మధ్య జానెడు దూరం. ఆవిడ తూలితే నేను పడతాను, నేను బ్రేకేస్తే వెనకవాళ్లిద్దరూ పడతారు. మూడు రోజుల పరిచయానికి అంత నమ్మకం ఎలా వచ్చిందో నాకే తెలీదు. రెండు గంటలు ఎవరం ఏమీ మాట్లాడుకోలేదు, మోచేయి ఆడిస్తే మారడం, అరిస్తే సర్దుకోవడం. నా వంతు వచ్చినప్పుడు మాత్రం మూడు నిమిషాలు ముప్పై నిమిషాల్లా ఉండేది. ఒంటిని కుడివైపు గాలి మీద ఆనించి తొక్కుతుంటాం కదా, దారిపక్కన ఏ గోదాము గోడో వచ్చి గాలి ఒక్కసారి ఆగితే సైకిల్ దానంతటదే కుడికి పడబోతుంది. రెండుసార్లు గండం గడిచింది. కుడి చెవిలో దూది పెట్టుకోమని కూడా ఆవిడే చెప్పింది. పెట్టుకున్నాక తలపోటు సగం తగ్గింది.

ఈ ప్రాంతంలో జొన్న ఎక్కువ. అమెరికాలో జొన్న ఎక్కువగా పండేది కాన్సస్‌లోనే. మైలో అంటారు. జూన్‌లో ఇంకా మోకాలెత్తు కూడా లేదు. అదంతా పశువుల దాణాకి, ఇథనాల్‌కే ఎక్కువగా పోతుందట. రొట్టె చేసుకుంటామంటే అన్నదమ్ములు నమ్మలేదు.

డైటన్‌లో దిగేసరికి రెండు. నా చేతి గడియారంలో ఒంటిగంట.

అక్కడ లైబ్రరీలో ఏసీ. వెళ్లి కుర్చీలో కూలబడ్డాను. పావుగంటకి మిగతా ముగ్గురూ లేచారు. నాకు అరికాళ్లు మండిపోతున్నాయి. రూట్ షీటులో ఉంది: బీలర్ దగ్గర వ్యాన్, మూడున్నర వరకు, నీళ్లు, ఐసు. బీలర్ పదిహేను మైళ్లు. గడియారం చూసుకున్నాను, ఒంటిగంటా పదిహేను. చాలా టైముందనుకుని, "మీరు పదండి, వస్తా" అన్నాను. బూట్లు విప్పి కాళ్లు చల్లటి గచ్చు మీద పెట్టుకుని ఇరవై నిమిషాలు కూర్చున్నాను. ఆ ఇరవై నిమిషాల హాయి ఎంత ఖరీదైందో తర్వాత తెలిసింది.

ఒంటరిగా పక్కగాలిలో గంటకి తొమ్మిది మైళ్లు దాటలేదు. బుడ్డీలో నీళ్లు వేడెక్కి టీ కాచుకోవచ్చనిపించేలా ఉన్నాయి. గోధుమ కోతల పొట్టు ఎగిరొచ్చి సన్‌స్క్రీన్ మీద అతుక్కుని చేతులంతా గరుకు కాగితంలా అయ్యాయి. వెనక్కి తిరిగి చూస్తే స్వీప్ పెద్దాయన లేడు. వస్తాడులే అనుకున్నాను.

బీలర్ ఊరు కాదు, నాలుగిళ్లు. వ్యాన్ లేదు. నా గడియారంలో మూడుంబావు. రాలేదా ఇంకా? ఫోన్ తీసి ఆన్ చేశాను. నాలుగుంబావు. ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే అప్పుడు అర్థమైంది. పొద్దున్నుంచి ముళ్లు గుచ్చుకుంటూనే ఉన్నాయి, చేతి మీదున్న ముళ్లని మాత్రం పట్టించుకోలేదు.

తప్పు నాదే, కాదనను. కానీ నిర్వాహకుల మీద ఒక ఫిర్యాదు కూడా ఉంది, చెప్పాలి. పెద్దాయనకి మోకాలు పట్టేసి డైటన్‌లోనే వ్యాన్ ఎక్కాడట. స్వీప్ వ్యాన్ ఎక్కితే ఆ పని ఇంకొకరికి అప్పగించాలి, లేదంటే పేర్ల లిస్టులో టిక్కు పెట్టుకుని అందరూ దాటాకే వ్యాన్ కదలాలి. రెండూ జరగలేదు. నేను ముందే వెళ్లిపోయానని అనుకున్నారు. గుంపుతో వెళ్తున్నాం కదా ఎవరో ఒకరు చూసుకుంటారని ఎవరైనా అనుకుంటే, మీరు దాటే ప్రతి స్టాపులో మీ పేరు పక్కన టిక్కు మీరే పెట్టించుకోండి.

ఫోన్‌లో ఛార్జింగ్ పన్నెండు శాతం, సిగ్నల్ ఒక గీత. మెసేజ్ పెట్టాను. పోయిందో లేదో తెలీదు. అక్కడ రోడ్డు పక్కన ఒక చరిత్ర బోర్డు ఉంది. నీడ ఇచ్చేది అదొక్కటే కాబట్టి దాని వెనక నిలబడ్డాను. కాసేపటికి ముందుకొచ్చి చదివాను. జార్జ్ వాషింగ్టన్ కార్వర్, బానిసగా పుట్టి పెద్ద వ్యవసాయ శాస్త్రవేత్త అయిన నల్లజాతి మనిషి, 1886లో ఇక్కడికి దగ్గర్లోనే 160 ఎకరాలు తీసుకుని గడ్డిపెళ్లల ఇల్లు కట్టుకుని సేద్యం చేశాడు. నిలవలేక కొన్నాళ్లకి వెళ్లిపోయాడు. తర్వాత అలబామాలో పేద రైతులకి వేరుశనగ వేసుకోమని చెప్పి పేరు తెచ్చుకున్నది ఆయనే. మా జిల్లాని బతికించిందీ వేరుశనగే, ముంచిందీ వేరుశనగే. నోరెండిపోయి, బుడ్డీలో రెండు గుక్కలు మిగిలి, ఆ బోర్డు నీడలో నిలబడి ఏడుపొచ్చింది. కార్వర్ కోసం కాదు. నాన్న వేరుశనగ చేలో గట్టుమీద నిలబడి మబ్బు వైపు చూడటం గుర్తొచ్చింది. అలసిపోయినప్పుడు ఏది ఎందుకు గుర్తొస్తుందో చెప్పలేం.

పది నిమిషాల తర్వాత మళ్లీ ఎక్కాను. ఆగి ఉంటే వ్యాన్ వస్తుందని నమ్మకం లేదు. ఐదు మైళ్లకి చేలో రెండు కోత మిషన్లు, గట్టు మీద ధాన్యం లారీ. నేను చెయ్యెత్తకముందే లారీ పక్కనున్న ఆవిడ రమ్మని సైగ చేసింది. లారీ వెనక నారింజరంగు నీళ్ల డబ్బా. ఐసు నీళ్లు. మూడు గ్లాసులు తాగాక మాటొచ్చింది.

"ఎక్కడినుంచి?" అంది.

"ఇండియా" అన్నాను, అలవాటుగా.

ఆవిడ నా సైకిల్ వైపు చూసి, "దాని మీదా?" అంది.

ఇద్దరం నవ్వుకున్నాం. బుడ్డీలు రెండూ నింపింది, డబ్బాలోంచి ఐసు ముక్కలు గుప్పెడు తీసి నా హెల్మెట్‌లో పోసింది. డబ్బులు తీసుకుంటావా అని అడగడానికి కూడా నోరు రాలేదు. వాళ్లకి ఆ రోజు ఒక్కో నిమిషం విలువైనది, సాయంత్రం మబ్బేస్తే పంట తడుస్తుంది. అయినా పావుగంట నాతో నిలబడింది.

నెస్ సిటీ ఇంకో నాలుగు మైళ్లుందనగా వ్యాన్ ఎదురొచ్చింది. మెసేజ్ అప్పుడు చేరిందట. లీడర్ దిగి క్షమించమంది, సైకిల్ ఎక్కించనా అంది. వద్దన్నాను. పంతం కాదు, కాస్త పంతమే. వ్యాన్ లైట్లు వేసుకుని నా వెనకే నడిచినట్టు వచ్చింది.

ఆరూ ఇరవైకి ఊళ్లోకి దిగాను. 1890లో కట్టిన నాలుగంతస్తుల రాతి బ్యాంకు భవనం అక్కడ ఉంది, చుట్టూ ఉన్న బయలుకి ఆకాశహర్మ్యం అదే అని చెప్పుకుంటారు. నేను చూసింది దాని నీడ. అందులో సైకిల్ ఆపి రెండు నిమిషాలు ఊరికే నిలబడ్డాను. తర్వాత ఊరి స్విమ్మింగ్ పూల్‌కి. మూసేయడానికి పది నిమిషాలుంది, షవర్‌కి 3 డాలర్లు. ఆ పదినిమిషాలు చాల్లేదు, కౌంటర్లో కుర్రాడు చూసీ చూడనట్టు వదిలేశాడు. ఆ రోజు మొత్తం ఖర్చు తిండితో కలిపి 54 డాలర్లు.

అన్నదమ్ములు నా గుడారం అప్పటికే వేసి పెట్టారు. పెద్దాయన మోకాలికి ఐసు కట్టుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు, లేవలేకపోయాడు. "నేను నీ వెనక ఉండాల్సింది" అన్నాడు. నాకు ఏం చెప్పాలో తోచక ఊరగాయ సీసా ఇచ్చాను.

ఎనిమిదిన్నరకి ఇంకా వెలుతురుంది. అక్కడ పొద్దున ఏడు. నాన్న ఫోన్.

"చేరినావా పాపా?"

"చేరినా నాన్నా. పల్లేరు గుచ్చుకుంది. రెండుసార్లు పంక్చర్."

"అమెరికాలో పల్లేరా?" ఆయనకి నమ్మకం కుదరలేదు. "ముల్లు పీకేసినావా?"

"పీకేసినా."

"ఎందుకు పీకినావు? చెప్పినాను గదా." కాసేపాగి, "గడియారం బాగా నడుస్తాందా?"

"ఒక్క నిమిషం కూడా తేడా లేదు నాన్నా" అన్నాను. అబద్ధం కాదు.

ఫోన్ పెట్టేసి కీ తిప్పి, ముళ్లు ఒక గంట ముందుకి జరిపాను. మర్నాడు లార్నెడ్ దాకా 65 మైళ్లు, మళ్లీ నాలుగింటికి లేవాలి. పడుకునేముందు హెడ్‌లైట్ పెట్టుకుని ముందు చక్రం విప్పాను. దాంట్లో గాలి గట్టిగానే ఉంది. అయినా టైరు ఒక పక్క ఎత్తి, లోపల బొటనవేలు మెల్లగా తిప్పుకుంటూ పోయాను. వాల్వుకి నాలుగంగుళాల ఇవతల గుచ్చుకుంది.